ఆటతో అబ్బిన అక్షరం



ధర్మపురి జిల్లాలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట తెలుగే మాట్లాడుతారు. చదవమంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. 2006 నాటి చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి అయి, 2015-16కు పదవ తరగతి దాకా వచ్చింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్వడం న్యాయమే. మరి ఇంటిభాష నేర్పేదెవరు?

తుంబలహళ్లిలో నేను ఆదివారాలు కొందరు పిల్లలకు తెలుగు చెబుతున్నాను. గిడుగు రామమూర్తిగారి జయంతి అయిన ఆగస్టు 29న పలకలు పక్కన పెట్టించి ఆటలాడించాను. అవ్వలు పొడుపుకథలు వేయాలి. పిల్లలు జవాబు ముగ్గుపిండితో నేలమీద రాయాలి. ఒక జవాబు ఎర్రగడ్డ. ఒక పిల్ల దానిని తమిళలిపిలో రాసింది. ఆ లిపిలో ట, డలకు ఒకటే అక్షరం గనుక, రెండవ పిల్లవాడు ‘ఎర్రగట్ట’ అని చదివాడు. అవ్వలు పకపక నవ్వారు. వెంటనే పిల్లలే డకారం ఎలా రాయాలని అడిగారు. నెలల తరబడి పట్టుబడని ఒత్తు ఆ పూటే పట్టుబడింది.

భాషాదినోత్సవం నాడు ఉపన్యాసాలకన్న ఇటువంటి పూట మేలు. తెలుగు సంఘాలవారు శాలువల ఖర్చులో కొంత తగ్గించి, మా పల్లెలకు బొమ్మల కథల పుస్తకాలు పంపవలసిందిగా మనవి. అవ్వలుండగానే ఈ పని జరగాలి.

తుంబలహళ్లి — ఒక ఉపాధ్యాయుడు