ఐదో గేరు మోజు
— సువర్ణరేఖ

మా తోడల్లుడి దగ్గర డీజిల్ అంబాసిడర్ ఒకటుంది. దాని నాలుగు గేర్ల బాక్సు ముసలిదైపోయింది. మూడో గేరు వేసి చెయ్యి తీస్తే చాలు, న్యూట్రల్‌లోకి జారిపోతోంది. ఎలాగూ దింపాలి కనక ఐదు గేర్లదే వేయించేస్తానని కూర్చున్నాడు. సంక్రాంతికి టెక్కలి దాకా తోలుకెళ్ళాలని ఆయన కోరిక. బహరాగోరా, బాలాసోర్, భువనేశ్వర్ మీదుగా ఆరేడు వందల కిలోమీటర్లు. ఇంజిన్ గోల లేకుండా, డీజిల్ పొదుపుగా తాగుతూ సాఫీగా సాగిపోవాలి. కోరికలో తప్పేమీ లేదు. నాకు ఒళ్ళు మండింది ఆ కోరిక చుట్టూ మూగిన సలహాలకి.

మా ఊరి మాంగో పేటలో గ్యారేజీ ముందు నలుగురు చేరారు. ఇసుజు బాక్సు పడితే మైలేజీ ఒకటిన్నర రెట్లవుతుందని ఒకడు. బాక్సు ముట్టుకోకు, వెనక క్రౌన్-పినియన్ మార్చెయ్ అని ఇంకొకడు. ఈ పాత ఇనుము కబాడీకి ఇచ్చేసి ఆటోమేటిక్ కొనుక్కోమని మూడోవాడు. బండి ఎనభైలో పోతున్నప్పుడు ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఇది జరిగింది ఏ మారుమూలో కాదు, జంషెడ్‌పూర్‌లో. 1945లో టెల్కో పుట్టి, 1954 నుంచి బెంజ్ వాళ్ళతో కలిసి లారీలు కట్టిన ఊళ్ళో. శ్రీకాకుళం, విజయనగరాల నుంచి వలస వచ్చిన మన ఇళ్ళలో ఎన్నింటికో గేరు పళ్ళే అన్నం పెట్టాయి. అలాంటి చోట గేరు గురించి మాట్లాడేటప్పుడు లెక్క లేకపోతే ఎలా?

లెక్కేమీ బ్రహ్మవిద్య కాదు. టైరు ఒక చుట్టుకు రెండు మీటర్లు కదులుతుందనుకుందాం. గంటకు ఎనభై కిలోమీటర్లంటే నిమిషానికి 1,333 మీటర్లు, అంటే చక్రం 667 చుట్లు. వెనక క్రౌన్-పినియన్ నిష్పత్తి 4.5 అనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3,000 తిరుగుతుంది. పాత బాక్సులో నాలుగో గేరు సాధారణంగా డైరెక్ట్, ఒకటికి ఒకటి. కాబట్టి ఇంజిన్ కూడా 3,000. ఐదో గేరు 0.85 అయితే అదే వేగంలో 2,550. చెవికి హాయి, బేరింగులకు హాయి. ఆ మాత్రం హాయి కోసం ఖర్చు పెడతానంటే నేను కాదనను.

మైలేజీ మాట వేరు. చుట్లు పదిహేను శాతం తగ్గాయి కదా అని డీజిల్ పదిహేను శాతం తగ్గదు. బండిని నెట్టడానికి కావలసిన పని అంతే ఉంటుంది. ఇంజిన్ లోపలి రాపిడి మాత్రం కొంత తగ్గుతుంది. అసలు దొంగ గాలి. వేగం ఎనభై నుంచి వందకు పెంచితే గాలి నిరోధం యాభై ఆరు శాతం పెరుగుతుంది. ఇంజిన్ గోల తగ్గిందన్న ధీమాతో వందలో తోలాడంటే, ఐదో గేరు మిగిల్చిందంతా గాలి మింగేస్తుంది, పైన ఇంకొంచెం కూడా. నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు వంద దాకా వెళ్ళవచ్చని కేంద్రం 2018లో చెప్పింది నిజమే. ఈ అంబాసిడర్‌లో ఉన్నది నలభై హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉండే 1,489 సీసీ డీజిల్ అని కేంద్రానికి తెలియదు.

క్రౌన్-పినియన్ వాదాన్ని నేను పూర్తిగా కొట్టెయ్యను. నిజానికి అదంటే నాకు కాస్త పక్షపాతం. డైరెక్ట్ టాప్ గేరులో శక్తి పక్కనుండే లే షాఫ్ట్ జోలికి పోకుండా తిన్నగా వెనక్కి వెళ్తుంది, పళ్ళ మధ్య పోయే నష్టం అతి తక్కువ. ఓవర్‌డ్రైవ్‌లో, అంటే ఒకటి కంటే తక్కువ నిష్పత్తి ఉన్న ఐదో గేరులో, అదే శక్తి రెండు జతల పళ్ళు దాటాలి. రోజంతా ఒకే వేగంలో బరువు లాగే లారీకి డైరెక్ట్ టాపు, వెనక తగిన క్రౌన్ మంచి జోడీ. కానీ తక్కువ నిష్పత్తి క్రౌన్ వేస్తే టాప్ గేరు ఒక్కటే మారదు. మొదటి గేరు కూడా బరువెక్కుతుంది, రివర్సు కూడా. సాయంత్రం వేళ మాంగో వంతెన మీద జానెడు జానెడు కదిలే బండికి అది క్లచ్ ప్లేటు మీద పడే శిక్ష. వంతెన దాటితే గానీ హైవే రాదు మరి. అందుకే ఈ కారు వరకు నా ఓటు ఐదు గేర్ల బాక్సుకే. అదీ ఓవర్‌డ్రైవ్ మితంగా ఉన్నదానికే. మరీ పొడుగు గేరైతే చిన్న ఎత్తు రాగానే ఇంజిన్ గుద్దుకుంటుంది, పొగ కక్కుతుంది, పెడల్ నేలకు ఆనినా బండి పుంజుకోదు. అప్పుడు నాలుగులోకి దిగాల్సిందే. దారంతా నాలుగులో నడిపేదానికి ఐదోది ఎందుకు?

అంబాసిడర్‌కి ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు 1990ల మొదట్లో వచ్చాయి. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో కార్ల తయారీ 2014లో ఆగింది. ఇప్పుడు దొరికేది కబాడీలోంచి వచ్చిన పాత సరుకే, కాబట్టి చూసి కొనాలి. ముందు బెల్ హౌసింగు ఈ డీజిల్ ఇంజిన్‌కి కూర్చుంటుందో లేదో, క్లచ్ ప్లేటు పళ్ళు కలుస్తాయో లేదో చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయాలేమో, స్టీరింగ్ పక్కనున్న గేరు కడ్డీ పీకేసి ఫ్లోరుకి కన్నం పెట్టాలేమో అడగాలి. బాక్సులోని నూనె తెల్ల కాగితం మీద ఒంపితే పసుపు మెరుపు కనిపించిందా, సింక్రో రింగులు అరిగినట్టే. ఐదో గేరు వేసి, రెండు షాఫ్టుల మీదా సుద్దముక్కతో గీత గీసి చేత్తో తిప్పండి. వెనక షాఫ్ట్ పది చుట్లు తిరిగేసరికి ముందుది ఎనిమిదిన్నర తిరిగిందా, అది 0.85. అమ్మేవాడి నోటిమాట కంటే ఆ సుద్దగీత నమ్మదగ్గది.

ఈ నిష్పత్తులు మనం సుద్దముక్కతో కనుక్కోవలసి రావడం నాకు మరో మంట. కారు కొనేవాడి చేతిలో పెట్టే రంగుల పుస్తకంలో తెర ఎన్ని అంగుళాలో ఉంటుంది, సీటు కుట్టు ఏ రంగో ఉంటుంది. ఏ గేరు ఎంతో ఉండడం అరుదు. హైవే మీద ప్రాణానికి సుఖమిచ్చేదీ, జేబు ఖాళీ చేసేదీ ఆ ఐదారు అంకెలే. అవి అచ్చు వెయ్యడానికి ఒక్క వరుస చాలు.

ఆ గ్యారేజీలో సరైన ప్రశ్న అడిగినవాడు ఒకడున్నాడు. సలహాల గుంపులో లేడు. పక్కన బెంచీ మీద టీ తాగుతున్న పాత కాన్వాయ్ డ్రైవరు. ఎనభైలో పెడల్ ఎంత లోపలికి తొక్కుతున్నావని హిందీలో అడిగాడు. సగం కంటే ఎక్కువే అన్నాడు మా తోడల్లుడు. అయితే పొడుగు గేరు లాగలేదు, ముందు డీజిల్ పంపు చూపించుకో అని టీ గ్లాసు కింద పెట్టాడు. అంతే. ఆ మాటతో బాక్సు బేరం వాయిదా పడి పంపు బల్ల మీదికెక్కింది.

అతని పని ఏమిటో ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. కాన్వాయ్ డ్రైవర్లంటే ఫ్యాక్టరీ గేటు నుంచి కొత్త ఛాసిస్‌లను దేశంలో ఎక్కడికంటే అక్కడికి తోలుకెళ్ళేవాళ్ళు. క్యాబిన్ లేదు, తలుపు లేదు, ముందు కౌల్ అనే రేకు, స్టీరింగు, తాత్కాలికపు సీటు. తలకు గంఛా, కళ్ళకు అద్దాలు, ఎండకైనా వానకైనా అంతే. పూర్తి క్యాబిన్‌తో బయటికొచ్చే లారీలు పెరిగినా, బస్సు బాడీ కట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళే ఛాసిస్ ఇలాగే పోతుంది. 2025 నుంచి కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పని, ఆలస్యంగానైనా. మరి క్యాబినే లేనివాడికి ఏసీ ఎక్కడ బిగిస్తారు? మా తోడల్లుడి వారం రోజుల ప్రయాణ సుఖం కోసం ఇంత చర్చ చేశాం. వందల కిలోమీటర్లు గాలికి మొహం ఇచ్చి తోలేవాడి సుఖం గురించి ఏ గ్యారేజీలోనూ, ఏ ఫైలులోనూ చర్చ లేదు.

కంపెనీలకూ, రవాణా శాఖకూ నా విన్నపం ఒక్కటే. ఛాసిస్‌లను ట్రైలర్ల మీద పంపండి. అది కుదరనంత కాలం రోడ్డెక్కే ప్రతి ఛాసిస్‌కీ గమ్యంలో విప్పి వెనక్కి పంపదగ్గ కప్పూ, ముందు అద్దమూ, బెల్టున్న సరైన సీటూ బిగించండి.