పేరు మారితే కోటా మారదు

మా షేక్‌పేటలో షార్ట్‌ఫిల్మ్ తీయని గల్లీ లేదు. మొన్న ఫ్రెండ్స్ సినిమా స్క్రీనింగ్‌కి మెయిల్స్ పంపే పని నా నెత్తిన పడింది, సీఎస్‌ఈ కదా అని. లిస్టులో 900 అడ్రస్‌లు. మామూలు జీమెయిల్‌లో రోజుకి 500 మందికి మించి పంపలేం. "ప్లస్ పెట్టి ఇంకో ఎలియాస్ చేసెయ్ రా" అన్నాడు డైరెక్టర్ గారు (మా గల్లీవాడే లెండి).

అక్కడే పప్పులో కాలేశాడు. ఎలియాస్ అంటే కొత్త ఇల్లు కాదు, అదే గుమ్మానికి ఇంకో నేమ్‌ప్లేట్. మన పేరు పక్కన ప్లస్, దాని తర్వాత 'పాస్‌లు' అని పెట్టి ఫిల్టర్ రాసుకుంటే, పాస్‌లు అడిగేవాళ్ల మెయిల్స్ విడిగా పడతాయి. అంతవరకు బంగారం. పంపేటప్పుడు మాత్రం లెక్క అకౌంట్‌దే. డబ్బులు కట్టే వర్క్‌స్పేస్‌లో మనిషికి 30 ఎలియాస్‌లు ఇస్తారు, కానీ రోజుకి 2000 మెయిల్స్ అన్నది అన్నిటికీ కలిపే.

అసలు కుదిరినా పంపకూడదనే నేనంటాను. ఆ లిస్టులో సగం పాత ఫెస్ట్ రిజిస్టర్ నుంచి ఎత్తినవి, వాళ్లు మమ్మల్ని అడగలేదు. స్పామ్ రేటు 0.3 శాతం లోపే ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధన. అంటే 900 మందిలో ముగ్గురు విసుక్కుని స్పామ్ నొక్కితే గీత దాటినట్టే.

చివరికి అడిగినవాళ్లకే పంపాను, 210 మందికి. డైరెక్టర్ గారు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.