బాక్సింగ్‌కు నో.. ఫుట్‌బాల్‌కు ఎస్! అమెరికా కాలేజీ ఆటల దారి నిజామాబాద్‌కు దొరికేనా?

నిజామాబాద్, బోధన్ వైపు అమెరికా చదువు అనగానే గుర్తొచ్చేది ఒక్కటే. బీటెక్ అవ్వాలి, అప్పు చేసి ఎంఎస్‌కి పోవాలి. కానీ ఫీజు అమెరికా కాలేజీయే కట్టి పిల్లల్ని పిలిపించుకునే దారి ఇంకోటి ఉంది. అదే ఆట.

యూరప్ కుర్రాళ్లు ఈ దారిని బాగా పట్టుకున్నారు. లిథువేనియాకు చెందిన కాస్పరస్ యకుచ్యోనిస్ బార్సిలోనా క్లబ్ వదిలి ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడ ఆడింది ఒక్క బాస్కెట్‌బాల్ సీజనే. 2025 డ్రాఫ్ట్‌లో ఎన్‌బీఏ టీమ్ మయామి హీట్ 20వ నంబర్‌లో అతన్ని తీసుకుంది.

ఇప్పుడు డబ్బు కూడా తోడైంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో అమెరికా కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా చెల్లించొచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అయితే స్టూడెంట్ వీసాపై వెళ్లేవాళ్లకు సంపాదనపై ఆంక్షలున్నాయి. కాబట్టి మన పిల్లలు ముందు చూసుకోవాల్సింది జీతం కాదు, స్కాలర్‌షిప్.

మనోళ్లు వెళ్లారా?

వెళ్లారు. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి టెన్నిస్ ఆడారు. ఆ తర్వాత 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచారు. 2016లో యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాకు చేరారు. చదువు, ఆట రెండూ ఒకేచోట సాగాయి.

ఉయ్యూరు కూడా బోధన్‌లాగే షుగర్ ఫ్యాక్టరీ ఊరే. మరి బోధన్ పిల్లలకు ఈ దారి ఎందుకు కనబడట్లేదు?

మొదటి చిక్కు.. ఆట

నిజామాబాద్‌కు పేరు తెచ్చింది బాక్సింగ్. నిఖత్ జరీన్ 2022, 2023లో వరల్డ్ చాంపియన్. హుసాముద్దీన్ రెండు కామన్వెల్త్ గేమ్స్‌లో కాంస్యాలు తెచ్చాడు. కానీ అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 1960 తర్వాత బాక్సింగ్‌ను వదిలేసింది. అంటే బాక్సర్లకు ఆ తలుపు మూసే ఉంది.

ఫుట్‌బాల్‌కు మాత్రం తెరిచే ఉంది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య క్రొయేషియాలో దినామో జాగ్రెబ్ క్లబ్ దాకా వెళ్లింది. హాకీలో యెండల సౌందర్య ఇండియాకు ఆడింది. ఈ రెండు ఆటల్లోనూ అమెరికా కాలేజీల్లో అమ్మాయిల టీమ్‌లున్నాయి. చదువుల్లో ఆడ, మగ తేడా చూపొద్దని 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టంతో అమ్మాయిలకు స్కాలర్‌షిప్పులు పెరిగాయి.

రెండో చిక్కు.. ఇంటర్

అసలు దెబ్బ ఇక్కడే. ఎన్‌సీఏఏ టాప్ డివిజన్‌లో ఆడాలంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా మార్కులు చూస్తారు. 16 ముఖ్య సబ్జెక్టుల కోర్సులు, కనీసం 2.3 జీపీఏ ఉండాలి. స్కూల్ అయ్యాక ఏళ్ల తరబడి గ్యాప్ వస్తే ఆడే అర్హత తగ్గుతుంది. ముందే క్లబ్బుతో ప్రొఫెషనల్ కాంట్రాక్టు చేసుకున్నా చిక్కులు రావొచ్చు.

మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా రివర్స్. పదో తరగతి కాగానే "ఇక ఆటలు చాలు, ఎప్‌సెట్ చూసుకో" అంటారు. చాలా ప్రైవేట్ జూనియర్ కాలేజీల్లో మైదానమే ఉండదు. ఆడే పిల్లలేమో చదువు వదిలేస్తారు. రెండూ కావాలనే దారిలో ఏ ఒక్కటి వదిలినా కథ అక్కడితో ఆగినట్టే.

ఇంట్లోవాళ్ల భయాన్నీ తప్పుపట్టలేం. 2015 డిసెంబర్‌లో నిజాం షుగర్స్ మూతపడటం కళ్లారా చూసిన ప్రాంతమిది. గట్టి ఉద్యోగాలే పోయిన చోట ఆటను నమ్ముకోమంటే ఎవరు నమ్ముతారు? కానీ ఈ దారిలో ఆట పోయినా డిగ్రీ చేతిలో ఉంటుంది.

ఇవి గుర్తుంచుకోండి

అందరికీ ఫుల్ స్కాలర్‌షిప్ రాదు. డివిజన్ త్రీ కాలేజీలు ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వవు. టీమ్‌లోకి ఎవరిని తీసుకోవాలో తేల్చేది అక్కడి కోచ్. సీటు గ్యారంటీ అని డబ్బు అడిగే ఏజెంట్ కనబడితే దూరంగా ఉండాలి. ఆడిన మ్యాచ్‌లను ఫోన్‌లో పూర్తిగా తీసి దాచుకోవాలి. కోచ్‌లు మొదట చూసేది ఆ వీడియోలే.

అన్నింటికంటే ముఖ్యం టైమ్. బీటెక్ తర్వాత ఆలోచిస్తే లేటైపోయినట్టే. ఈ నిర్ణయం తొమ్మిదో తరగతిలోనే జరగాలి.