‘స్పామ్‌లో చూసుకోండి’ అనడం ఇక ఆపండి

కళాశాలల, కార్యాలయాల యాజమాన్యాలకు, వాటి వెబ్‌సైట్లు నడిపే సాంకేతిక సిబ్బందికి విజ్ఞప్తి



హాల్ టికెట్ మెయిల్ రాలేదని విద్యార్థి ఫోన్ చేస్తే మన ఆఫీసుల్లో జవాబు సిద్ధంగా ఉంటుంది: “స్పామ్‌లో చూసుకో బాబూ.” ఆ పిల్లవాడు స్పామ్ అంతా తిరగేస్తాడు. దొరకదు. స్పామ్‌లో పడిందంటే మెయిల్ చేరినట్టే లెక్క. అవతలి సర్వర్ గుమ్మంలోనే తిప్పి పంపేసిన మెయిల్ ఇన్‌బాక్స్‌లోనూ ఉండదు, స్పామ్‌లోనూ ఉండదు. దాని జాడ పంపినవాళ్ల దగ్గరే ఉంటుంది. సర్వర్ లాగ్‌లో 550 అనే తిరస్కరణ కోడ్‌తో మొదలయ్యే ఒక వరుసగానో, ఎవరూ తెరవని ‘నో-రిప్లై’ ఖాతాలో బౌన్స్ మెయిల్‌గానో పడి ఉంటుంది. వెతకాల్సిన పని మీది. దాన్ని పిల్లల నెత్తిన వేస్తున్నారు.

మెయిల్ తిరిగి రావడానికి కారణాలు చాలా ఉన్నాయి. అడ్రస్ తప్పు కావచ్చు, పంపినవారి డొమైన్‌ను ధ్రువీకరించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిగా పెట్టకపోవచ్చు. వీటిని ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. ఎవరికీ పట్టనిది హెడర్ల సంగతి. ఫ్రమ్, టు, డేట్, సబ్జెక్ట్ అంటూ మెయిల్ పైభాగాన ఉండే వరుసలివి. వీటిని ఎలా రాయాలో 1982లోనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 822 చెప్పింది. ఇప్పుడు నడుస్తున్నది 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322. అది కోరేది పెద్దగా ఏమీ లేదు. ఫ్రమ్, డేట్ తప్పనిసరి. ఫ్రమ్, టు, సబ్జెక్ట్ వంటివి ఒక్కసారికి మించి రాకూడదు. హెడర్లు అయ్యాక ఒక ఖాళీ వరుస ఉండాలి. ఒకప్పుడు సర్వర్లు చిన్నచిన్న తప్పులను సర్దుకుని తీసుకునేవి. ఆ వెసులుబాటును మోసగాళ్లు వాడుకున్నారు: రెండు ఫ్రమ్ వరుసలు పెడితే ఫిల్టర్ ఒకటి చదువుతుంది, మనిషికి రెండోది కనిపిస్తుంది. ఇప్పుడు ఆ వెసులుబాటు తగ్గింది: 2024 ఫిబ్రవరి నుంచి అమలైన గూగుల్ నిబంధనల ప్రకారం జీమెయిల్‌కు పంపే ప్రతివారూ 5322ను పాటించాల్సిందే.

మనవాళ్లు ఎక్కడ తప్పుతున్నారో చూడండి. పంపేవారి పేరు దగ్గర ‘ప్రిన్సిపాల్, గవర్నమెంట్ డిగ్రీ కాలేజ్’ అని పెడతారు. హోదా రాసి, కామా పెట్టి, సంస్థ పేరు రాయడం మనకు చేతికొచ్చిన అలవాటు. కానీ ఫ్రమ్ హెడర్‌లో కామా వచ్చిందంటే ఒక అడ్రస్ ముగిసి ఇంకోటి మొదలైనట్టు. పేరుకు అటూ ఇటూ డబుల్ కొటేషన్ గుర్తులు లేకపోతే ఆ మెయిల్‌ను ఇద్దరు పంపినట్టు సర్వర్ చదువుకుంటుంది. అందులో మొదటి అడ్రస్ ఉత్త ‘ప్రిన్సిపాల్’, దానికి డొమైనే లేదు. గట్టిగా తనిఖీ చేసే సర్వర్ అయితే మెయిల్ తిరుగుటపాలో వెనక్కి వస్తుంది. రెండు కొటేషన్ గుర్తులు పెడితే తీరే సమస్య ఇది.

తెలుగు సబ్జెక్ట్ విషయం ఇంకా బాధాకరం. పంపే, అందుకునే సర్వర్లు రెండింటిలోనూ ఇతర లిపులను నేరుగా అనుమతించే, 2012లో వచ్చిన సదుపాయం ఉంటే తప్ప, హెడర్‌లో తెలుగును ఉన్నదున్నట్టు పెట్టకూడదు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 పద్ధతిలో మార్చి, ముక్కలుగా పంపాలి. మార్చాక ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ‘క్ష’ ఒక్కటే తొమ్మిది బైట్లు. బేస్64 అనే మార్పిడి పద్ధతిలో లెక్కేస్తే ఒక ముక్కలో పట్టేవి 15 గుర్తులు. మామూలు సబ్జెక్ట్‌కు కూడా రెండు మూడు ముక్కలు కావాలి. సొంతంగా కోడ్ రాసేవారు అక్షరాన్ని బైట్ల మధ్యలో కోసేస్తారు, లేదా అసలు మార్చకుండానే పంపేస్తారు. మెయిల్ పోకపోయేసరికి “తెలుగు పెడితే వెళ్లదు, ఇంగ్లీషులోనే రాయండి” అని తేల్చేస్తారు. ఈ మాటను మేం ఒప్పుకోం. తప్పు తెలుగుది కాదు, కోడ్‌ది.

డేట్‌లో నెల పేరు ఇంగ్లీషు మూడక్షరాల రూపంలోనే ఉండాలి, భారత సమయం రాస్తే దాని పక్కన +0530 రావాలి. సర్వర్ భాషను తెలుగుకు మార్చి, ఆ తేదీనే హెడర్‌లోకి ఎక్కిస్తే చెల్లదు. వెబ్ ఫారంలో నింపిన పేరును వడకట్టకుండా హెడర్‌లో అతికించడం అన్నిటికన్నా ప్రమాదం: ఆ పేరులో దాగిన కొత్త వరుస గుర్తు హెడర్‌ను విరిచేస్తుంది, దుర్మార్గుడైతే దానితోనే బీసీసీ చేర్చి మీ సర్వర్ నుంచి వేరేవాళ్లకు చెత్త మెయిళ్లు పంపుతాడు.

కాబట్టి హెడర్లను చేత్తో అతికించే పాత స్క్రిప్టులను పక్కన పెట్టండి. పీహెచ్‌పీ వాడేవారికి పీహెచ్‌పీమెయిలర్ ఉంది, పైథాన్‌లో ఈమెయిల్ మాడ్యూల్ ఉంది. సరిగా వాడితే కొటేషన్లు, ముక్కలు అవే చూసుకుంటాయి; తేదీని పైథాన్‌లో మాత్రం మీరే చేర్చాలి. వేలమందికి పంపేముందు వేర్వేరు సంస్థల ఖాతాలకు ఒక నమూనా పంపి, జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ తెరిచి పైవరుసలు చదవండి. బౌన్సులు వచ్చే ఖాతాను రోజూ ఉదయం తెరిచే బాధ్యత ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించండి. 4తో మొదలయ్యే జవాబుకు సర్వర్ తనే మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే ఆ మెయిల్ కథ అంతటితో ముగిసినట్టే, మనిషి కలగజేసుకోవాలి. గడువున్న సమాచారాన్ని ఎస్‌ఎంఎస్‌లోనూ పంపండి.

విద్యార్థులారా, తల్లిదండ్రులారా, ఈసారి స్పామ్‌లో చూసుకోమంటే ఊరుకోకండి. “నా అడ్రస్‌కు మీ లాగ్‌లో ఏ జవాబు వచ్చింది?” అని రాతపూర్వకంగా అడగండి. యాజమాన్యాలకు చివరిగా ఒక్క మనవి: మెయిల్ వెనక్కి వచ్చిందని మీ సర్వర్ లాగ్ చెబుతున్నప్పుడు, ఆ విద్యార్థికి గడువు పొడిగించండి.