మడమలకు పంచదార చాలు.. మరి ఆ తర్వాత?

పెళ్లి పిలుపు రాగానే చీర, జాకెట్టు, గాజులు అన్నీ వారం ముందే సిద్ధం. పారాణి పెట్టించుకోవడానికి కాలు చాపినప్పుడు కదా మడమల సంగతి గుర్తొచ్చేది! గబుక్కున చీర అంచు కిందికి లాగేసుకుంటాం. ముఖానికి నాలుగు రకాల క్రీములున్న ఇంట్లో కూడా కాళ్లకంటూ విడిగా ఒక్క డబ్బా ఉండదు. ఉన్నా అది ఎప్పుడో ఆఫర్‌లో కొన్న స్క్రబ్. మూత తీస్తే పైనంతా గట్టిపడిపోయి ఉంటుంది.

ఈ వారం ముచ్చట ఆ స్క్రబ్ గురించే. ఖరీదైనదే కొనాలా, చవక ట్యూబు సరిపోతుందా, ఇంట్లోనే చేసుకోవచ్చా అన్నది చాలామందికి ఉండే అనుమానం. నన్నడిగితే స్క్రబ్ మీద ఎక్కువ డబ్బు పెట్టడం దండగే. రెండు నిమిషాలు రుద్ది కడిగేసే దానికి అంత ఖర్చెందుకు? ఆ డబ్బు, ఆ ఓపిక రెండూ రుద్దిన తర్వాత రాసుకునే దాని మీద పెట్టాలి.

ఎందుకంటారా? ఒంట్లో చర్మం బాగా మందంగా ఉండేది అరికాళ్లలోనే. అక్కడ చెమట గ్రంథులు బోలెడు ఉంటాయి కానీ నూనె ఊరే గ్రంథి ఒక్కటి కూడా ఉండదు. ముఖం జిడ్డు కారుతున్నవాళ్లకి కూడా మడమలు ఎండిపోయి ఉండటం అందుకే. ఆపైన మన అలవాట్లు చూడండి. ఇంట్లో గ్రానైట్ బండల మీద ఉత్త కాళ్లతో గంటలకొద్దీ నిలబడి వంట, బయటికెళ్తే వెనక పట్టీ లేని చెప్పులు. బరువు పడ్డప్పుడల్లా మడమ కింద మెత్తటి భాగం పక్కలకు విచ్చుకుంటుంది. ఎండి బిరుసెక్కిన చర్మం దాంతోపాటు సాగలేదు, అంచు వెంబడి చీలిపోతుంది. చలికాలమైతే ఇక చెప్పక్కర్లేదు. అంటే పగుళ్లకి అసలు కారణం మురికి కాదు, తేమ లేకపోవడం. రుద్దితే మురికి పోతుంది, పైపొర పలచబడుతుంది. తేమ మాత్రం రాదు.

అలాగని రుద్దడం వృథా అనడం లేదు. మందంగా పేరుకున్న పొర మీద ఎంత క్రీము పూసినా పైపైనే ఉండిపోతుంది. ఆ పొర కాస్త పలచబడితేనే క్రీము పని చేసేది. స్క్రబ్ ఉద్యోగం అంతవరకే. అమ్మమ్మల కాలంలో బావి గట్టున గరుకు రాయి, నలుగు పెట్టుకున్న రోజున మిగిలిన సున్నిపిండి ఈ పనే చేసేవి. కాకపోతే నలుగుకి ముందు వాళ్లు ఒళ్లంతా నూనె పట్టించేవారు. మనం నూనె వదిలేసి రుద్దుడు ఒక్కటే పట్టుకున్నాం.

ఇక తయారీ. రెండు చెంచాల పంచదార, ఒక చెంచా కొబ్బరి నూనె. కొబ్బరి నూనె ఖరీదనిపిస్తే, ఇంట్లో నువ్వుల నూనె ఉంటే అదే కలపండి, తేడా ఏం లేదు. పంచదార రుద్దుతుండగానే తడికి కరుగుతూ పోతుంది, అందుకే చర్మం గీరుకుపోదు. ఉప్పు అయితే పగుళ్లలో మంట పుట్టిస్తుంది. కాఫీ పిప్పి కూడా బాగానే పనిచేస్తుంది కానీ బాత్రూమ్ తూములో పేరుకుంటుంది. నిమ్మచెక్క మీద వంటసోడా చల్లి రుద్దమని వీడియోల్లో తెగ చెబుతుంటారు చూడండి, దాని జోలికి మాత్రం వెళ్లకండి. విచ్చుకున్న చర్మానికి అటు పులుపు, ఇటు సోడా, రెండూ పడవు.

గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కాళ్లు పెడితే చాలు. అరగంట నానబెడితే ఇంకా మంచిదనుకుంటారు, కానీ ఎక్కువ నానితే చర్మం మరింత ఎండుతుంది. తర్వాత వేళ్లతోనో మెత్తబడిన బీరపీచుతోనో మడమ అంచులు, బొటనవేలి కింది ఉబ్బు మీద గుండ్రంగా రుద్దండి. లోతుగా చీలి, ముట్టుకుంటే నొప్పిగా ఉన్న చోట వద్దు. వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. రోజూ బలంగా రుద్దారంటే ఒరిపిడికి చర్మం ఇంకా మందం కడుతుంది. బ్లేడుతో చెక్కడం అస్సలు వద్దు. అన్నట్టు, నూనె కాళ్లతో బాత్రూమ్ టైల్స్ మీద లేచి నిలబడకండి! పీట మీద కూర్చునే కాళ్లు సబ్బుతో కడిగి, తుడుచుకుని అప్పుడు లేవండి.

అసలు పని ఇప్పుడు మొదలు. తువ్వాలుతో అద్ది, చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే పెట్రోలియం జెల్లీ దట్టంగా రాసి, పాత నూలు సాక్సులు తొడుక్కుని పడుకోండి. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే మందుల షాపులో యూరియా పది నుంచి ఇరవై శాతం ఉన్న ఫుట్ క్రీము దొరుకుతుంది. బిరుసు చర్మాన్ని మెత్తబరచడంలో అది జెల్లీ కన్నా మెరుగు. కానీ పచ్చి పగుళ్ల మీద చురుక్కుమంటుంది, అవి మానేదాకా జెల్లీయే నయం. వేళ్ల సందుల్లో ఏదీ రాయకండి, అక్కడ చెమ్మ నిలిస్తే ఫంగస్ పడుతుంది. స్క్రబ్ ఒక వారం మర్చిపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం రోజూ రాత్రి చేయాల్సిందే.

రెండు మూడు వారాలైనా మార్పు లేకపోతే? ఒక్క కాలికే పొట్టు రేగుతున్నా, దురద ఉన్నా అది ఉత్త పొడిబారడం కాకపోవచ్చు, ఫంగస్ అయ్యుండొచ్చు. సోరియాసిస్, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లకీ అరికాళ్లు ఇలా బిరుసెక్కుతుంటాయి. షాపతను ఇచ్చిన స్టెరాయిడ్ క్రీము రాశారంటే ఫంగస్ ఇంకా ముదురుతుంది. చర్మ డాక్టరుకి చూపించాలి.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకి పైన చెప్పిన స్క్రబ్బు, కాళ్లు నానబెట్టడం రెండూ వద్దు. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది, కాబట్టి ఇది ఏ ఒకరిద్దరి గొడవో కాదు. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే కాళ్లలో స్పర్శ తగ్గుతుంది. రుద్దినప్పుడు గీరుకున్నా తెలీదు, పగులు పుండయినా నొప్పి రాదు. అత్తయ్యగారికో నాన్నగారికో షుగర్ ఉంటే, వాళ్లు వంగి అరికాలు చూసుకోలేరు కాబట్టి రోజూ సాయంత్రం మీరే లైటు కింద ఒకసారి చూడండి. ఎర్రబడినా, పచ్చిగా కనిపించినా ఇంటి వైద్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కాళ్లు కడిగేటప్పుడు నీళ్ల వేడి ఎలా ఉందని వాళ్లని అడగొద్దు. మీ మోచేయి ముంచి చూసుకుని పొయ్యండి.