వివక్ష పాఠం మార్కుల కోసం కాదు

పాఠానికి ఎంత సత్తువ ఉంటుందో నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో పగలంతా కూలికెళ్ళి రాత్రి ‘అక్షరదీపం’ వయోజన విద్యా కేంద్రానికొచ్చిన ఆడవాళ్ళు, వాచకంలో సారా గురించిన సీతమ్మ కథ చదివి, తమ ఇళ్ళ సంగతులు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కలిగిరి మండలం దూబగుంటలో సారా కొట్టు మూతపడింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అక్షరాలు దిద్దించి ఊరుకోకుండా, కూర్చోబెట్టి మాట్లాడనిచ్చినందుకే అది సాధ్యమైంది.

సంగం, ఆత్మకూరు, ఉదయగిరి బడుల్లో వివక్ష పాఠానికి ఆ భాగ్యం లేదు. 2020లో వచ్చిన ఆరో తరగతి సాంఘిక శాస్త్రంలో వివక్ష గురించి ‘సమానత్వం వైపు’ అనే పాఠం ఉంది. సిలబస్ ముగించే హడావుడిలో దాన్ని నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులుగా రాయించేస్తే పని అయిపోతుంది. మర్నాడు స్కాలర్‌షిప్ ఫారాలొస్తాయి. ‘ఎస్టీలు లేచి నిలబడండి’ అని కేక. వెనక బెంచీలోంచి యానాది పిల్లవాడు లేస్తాడు, పక్కవాడు కిసుక్కున నవ్వుతాడు. తరగతిలో పెన్ను పోతే మొదట ఎవరి సంచి దులుపుతారో పిల్లలందరికీ తెలుసు. తోట కాపలా దొరికి వాళ్ళ నాన్న ఊరు మారితే, ఆ పిల్లవాడి హాజరు ఆగిపోతుంది. ‘వాళ్ళకు చదువు అంటదు’ అనేస్తారు, ఎక్కడికెళ్ళాడని అడిగే నాథుడుండడు.

ఈ ముద్రలు ఊరికే పడలేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే మనుషుల్ని దొంగల్ని చేసింది. మన జిల్లాలోనే, బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో, ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో పెట్టి కాపలా కాశారు. ఆ చట్టం మీద పోరాడి, యానాదుల కోసం జీవితం ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్య నెల్లూరు మనిషే. 1952లో చట్టం పోయింది, నోళ్ళలో మాట పోలేదు. ఇంత చరిత్ర గుమ్మంలో పెట్టుకుని, మూస అభిప్రాయం అంటే ఏమిటో చెప్పడానికి దూరదేశాల ఉదాహరణలు వెతుక్కోవడం దేనికి?

పసి బుర్రల్లో కులం ఎక్కించడమెందుకని కొందరి అభ్యంతరం. ఎక్కించడానికి ఇంకా మిగిలిందేముంది? తమిళనాడులోని నాంగునేరిలో 2023లో దళిత విద్యార్థి ఇంట్లోకి చొరబడి కత్తులతో నరికింది అతని బడి పిల్లలే. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ హాజరు పట్టీలో కులం కనిపించకూడదనీ, పిల్లల్ని కులం పేరుతో పిలవకూడదనీ సిఫార్సు చేసింది. మనం అలాంటి నెత్తురు చూశాకే కదలాలా?

ఈ పాఠం మొదట చెప్పవలసింది పంతుళ్ళకు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట దీనికే కేటాయించాలి. ఫారాలు తరగతిలో కేకేసి కాదు, ఆఫీసు గదిలో ఒక్కొక్కరిని పిలిచి తీసుకోవాలి. పాఠాన్ని ఏడాది చివరినుంచి జులైకి జరపాలి, దానికి పరీక్ష పెట్టకూడదు. ఇంట్లో వినే సామెతలు పిల్లల చేత రాయించండి. కులాల మీద, ఆడవాళ్ళ మీద, చూపులేనివాళ్ళ మీద ఉన్నవాటితోనే నల్లబల్ల నిండుతుంది. ఇక వాళ్ళనే వాదించుకోనివ్వండి.

తల్లిదండ్రులు కొందరు గొడవకొస్తారు, తప్పదు. ఆ రోజు సాంఘిక శాస్త్రం మాస్టారిని ఒంటరిగా వదిలేసి తప్పుకుంటే కుదరదు. జిల్లా విద్యాశాఖ ముందే లిఖితపూర్వక ఉత్తర్వివ్వాలి, మండల విద్యాశాఖాధికారి తల్లిదండ్రుల సమావేశానికి స్వయంగా వచ్చి సమాధానం చెప్పాలి.