పెద్దేగి: వాళ్లకు కలప, మనకు మందు

పెద్దేగి చెట్టు బెరడు మీద చిన్న గాటు పడితే చాలు, రక్తం లాంటి ఎర్రటి బంక కారుతుంది. కొన్ని ఊళ్లలో దీన్నే వేగిస అంటారు. ఎర్రచందనానికి తోబుట్టువు ఇది. మా అవ్వ ఆ బంకను ఎండబెట్టి, ముక్కలు సీసాలో దాచేది. విరేచనాలు పట్టుకుంటే చిటికెడు పొడి. పన్ను పోటుకీ, నోటి పూతకీ అదే. నాలుక బిగుసుకుపోయేంత వగరు. ఆ వగరే మందు.

ఇదే బంక ‘కైనో’ పేరుతో ఓడలెక్కింది, బ్రిటిష్ ఫార్మకోపియాలో చేరింది. చెట్టు శాస్త్రీయ నామం టెరోకార్పస్ మార్సుపియమ్. దాని పక్కన రాక్స్‌బర్గ్ అని ఉంటుంది. ఎవరాయన? సామర్లకోటలో పనిచేసిన ఈస్టిండియా కంపెనీ డాక్టరు. ఆయన పండితుడే, కాదనం. కానీ ఈ చెట్టును తరతరాలుగా ఎరిగిన మనోళ్ల పేరు ఆ పక్కన ఉందా?

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేశారు. చెట్టు సర్కారు కలప అయిపోయింది, మనం దొంగలమైపోయాం. రంప కొండల్లో 1922లో లేచిన తిరుగుబాటుకు ఈ అడవి ఆంక్షలూ ఒక కారణమే.

ఇప్పుడైనా మారిందా? కాగితం మీద మారింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం కలప కాని అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం మనది. బంక కలప కాదు, కాబట్టి అది మనదే. సేకరించుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 2012 సవరణ నియమాల ప్రకారం రవాణా పర్మిట్ కూడా గ్రామసభ కమిటీయే ఇవ్వాలి. మరి సంచిలో బంక కనబడితే మనల్నే ఎందుకు ఆపుతారు? వాళ్ల లెక్కలో చెట్టంటే ఇన్ని ఘనపుటడుగులు, అంతే.

ఇంకో మోసం చూడండి. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించారు. గ్రంథాల్లోకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు లాభాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చారు. ఎవరి గ్రంథాలు? మన అవ్వలు పుస్తకాలు రాయలేదు. వాళ్ల జ్ఞానం నోట్లో ఉంది, చేతిలో ఉంది. అది ఎవరో రాసుకున్న పుస్తకంలోకి చేరితే ఇక మన వాటా అడగక్కర్లేదన్నమాట! ఈ చెట్టు చేవతో చేసిన గ్లాసులు విజయసార్ పేరుతో షుగర్‌కు మందని ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. డాక్టరిచ్చిన మందు మాని ఆ నీళ్లు తాగమని నేను చెప్పను. ఒక్కటే అడుగుతున్నా: ఆ అమ్మకంలో అడవికి దక్కిందెంత?

మన తప్పూ ఒప్పుకుందాం. గాటు ఎంత లోతు పెట్టాలో, చెట్టుకు ఎన్నాళ్లు విశ్రాంతివ్వాలో మనలో ఎంతమందికి తెలుసు? పెద్దోళ్లకు తెలుసు. మనం ఫోన్లో తలదూర్చాం. డబ్బులకు ఆశపడి లోతుగా నరికితే చెట్టు చస్తుంది. ఐయూసీఎన్ ఈ జాతిని ఇప్పటికే ముప్పు అంచున ఉన్నదిగా నమోదు చేసింది. చెట్టే లేకపోతే హక్కు దేనికి?

అందుకే యువతకు చెప్పేది ఇదే. మీ ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని అడవికి పోండి, చెట్లు లెక్కపెట్టండి, మందు పద్ధతులు అడిగి తెలుసుకోండి. ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో ఏం ఎక్కాలో, ఏది మన మధ్యే ఉండాలో గ్రామసభే తేల్చాలి. వ్యక్తిగత పట్టాతో ఆగకండి, సామూహిక హక్కులకు ఫారం-బి, సామూహిక అటవీ వనరులకు ఫారం-సి పెట్టండి. చట్టంలో సెక్షన్ 3(1)(కె) ఉంది: సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికే హక్కు. దాన్ని చదవండి, సభలో గట్టిగా చదివి వినిపించండి.

బంక ఎర్రగా ఉన్నది చెట్టుకు గాయమైనందుకు. మనకైన గాయం లెక్క ఇంకా తేలలేదు.

మావ నాటే మావ రాజ్. జై ఆదివాసీ!